దొరలు చెప్పని సామెతలు

బంగారు గనులు మూతపడ్డాక మా ఊరిగాంలో మనుషులు రెండు రకాలయ్యారు. పొద్దున్నే బెంగళూరు బండి పట్టుకునేవాళ్ళు ఒక రకం. ఆ బండి కూత విని పక్కకు తిరిగి పడుకునేవాళ్ళు ఇంకో రకం. నేను మొదటి రకం. బంగారుపేట మీదుగా పోవడానికి రెండున్నర గంటలు పడితే, రావడానికి మూడు గంటలు పట్టేది. అదేమని అడిగినవాళ్ళకు, సాయంత్రానికి మనుషులు అలసిపోయి బరువెక్కుతారు, ఇంజను లాగలేకపోతోంది అని చెప్పేవాణ్ణి. చెప్పిన మొదటి రోజు అది అబద్ధమే. అన్నేళ్ళు ఆ బండిలో తిరిగాక నాకే నమ్మకం కుదిరింది.

బెంగళూరులో ఒక గోడౌన్‌లో నా పని. వచ్చిన ఉత్తరాలకు ఇంగ్లీషులో జవాబులు టైపు చేయాలి. పని చిన్నది, దారి పెద్దది. ఆ దారిలో మా పెట్టెలో కొందరు పేకాడేవాళ్ళు, కొందరు నిద్రపోయేవాళ్ళు, నేను కోతలు కోసేవాణ్ణి. మా తాత గని అడుగున తుమ్మితే పైన చర్చి గంట దానంతటదే మోగిందని చెప్పేవాణ్ణి. ఒక చలికాలం ఊరిగాంలో పాలవాడి కేక గాల్లోనే గడ్డకట్టి, ఎండెక్కాక కరిగి వినిపించిందని చెప్పేవాణ్ణి. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, నమ్మమని నేనూ అడగలేదు. ఆ సంగతి రెండు వైపులా తెలుసు కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

నష్టం ఇంగ్లీషు పాఠాలతో మొదలైంది.

బంగారుపేటలో ధాన్యం కొట్టు పెట్టుకున్న ఒకాయన వారానికి రెండు మూడు సార్లు మా పెట్టెలో ఎక్కేవాడు. ఒకరోజు కూర్చుంటూనే అడిగాడు.

"అన్నా, నిన్న ఫోన్లో ఒక కంపెనీ ఆయన 'హోల్డ్ ఆన్' అన్నాడు. నేనేం పట్టుకోవాల?"

"ఓపిక పట్టుకో," అన్నాను.

"పట్టుకొనే ఉండా కదన్నా, ఇరవై ఏండ్లుగా."

పెట్టెలో అందరూ నవ్వారు. ఎదురు సీటులో కూర్చున్న ఒకామె మాత్రం నవ్వకుండా సంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకుంది. నలభై దగ్గర పడిన మనిషి. పుట్టిల్లు కామసముద్రం, మెట్టినిల్లు మా ఊరిగాం కంపెనీ ఇళ్ళ వరసలో. ఆమె భర్త పదిహేడేళ్ళు గని లోపల పనిచేసి, గని మూసేనాటికి ఛాతీ నిండా రాతిదుమ్ముతో ఇంటికి చేరాడు. ఆమె బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలు మడత పెట్టేది. పొద్దున్నే పోతే చీకటి పడ్డాకే రావడం. ఆ పన్నెండు పద్నాలుగు గంటలు ఆయన ఇంట్లో ఒక్కడే దగ్గుతూ పడి ఉండేవాడు.

"అన్నా, నాకు ఇట్లాంటి మాటలు ఇంగ కొన్ని చెప్తావా? బంగారుపేటలో ఒక స్కూల్లో ఆఫీసు పని ఖాళీ అవుతుందంట. వచ్చిన పిల్లోళ్ళ అమ్మానాయనలతో ఇంగ్లీషులో మాట్లాడాలంట. నేను పీయూసీ కన్నడంలో చదివినాను. అది దొరికితే నాలుగింటికంతా ఇంట్లో ఉంటాను," అంది.

నాలుగింటికంతా ఇంట్లో. ఆమె ఆ మాట అన్న తీరు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. జీతం సంగతి ఎత్తలేదు.

సరే అన్నాను. చెప్పడం మొదలుపెట్టాకే అదెంత కష్టమో తెలిసింది. ఇంగ్లీషులో 'గివ్' అంటే ఇవ్వడమని రోడ్డు మీద పోయేవాడికీ తెలుసు. దాని తోకకు 'అప్' కడితే మానుకోవడం, 'ఇన్' కడితే లొంగిపోవడం, 'అవుట్' కడితే పంచిపెట్టడం, కాదంటే మొరాయించి ఆగిపోవడం. ఎందుకట్లా అంటే నా దగ్గర జవాబు లేదు. ఉత్తరాలు టైపు చేసి చేసి నాకు అలవాటైంది, అంతే. పుస్తకంలోంచి అర్థాలు చదివి వినిపిస్తే వైట్‌ఫీల్డు వచ్చేలోపు అందరూ మరిచిపోయేవాళ్ళు. ఆమె ఒక్కతే పెదవులు కదుపుతూ బట్టీ పట్టేది, మర్నాటికి ఆమె కూడా కలగాపులగం చేసేది.

ఒకరోజు విసుగొచ్చి ఒక పోలిక తగిలించాను. "గివ్ అవుట్ లైక్ ఎ వెట్ ఫ్యూజ్" అన్నాను. బండ పేల్చే మందువత్తి తడిసి సగంలో చల్లారిపోయినట్టు మనిషి సత్తువ అయిపోవడం. పెట్టె అంతా ఒక్కసారి తలలూపింది. గని ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళకు వత్తి అంటే వివరించాల్సిన పని లేదు. ఇంకొకటి చెప్పాను. "హోల్డ్ ఆన్ లైక్ ఎ టింబర్ ప్రాప్." సొరంగం కప్పు కూలకుండా నిలబెట్టిన దుంగ మాదిరి ఓర్చుకోవడం. ఇంకొకటి. "సిట్ అప్ విత్ సమ్‌వన్ లైక్ ఎ పంప్‌మ్యాన్." నీళ్ళు తోడే పంపు దగ్గర మనిషి కునుకు తీయకుండా కూర్చున్నట్టు, జబ్బుమనిషి పక్కన మేలుకొని ఉండడం. చిన్నమాట తోక పట్టుకుని ఎటు తిరిగినా, పోలిక తగిలించగానే అది ఇంటికి వచ్చేది.

ధాన్యం కొట్టు ఆయన ఊరుకోలేదు. "ఇవి ఇంగ్లీషోళ్ళు నిజంగా వాడతారా, నువ్వు అల్లినావా?"

మా ఊళ్ళో ఒక అలవాటుంది. మాట నిలబడాలంటే దాని కింద గని నడిపిన ఒక ఇంగ్లీషు దొరను పెట్టాలి. రసంలో మిరియాలు ఎక్కువైతే, దొరకు ఇట్లాగే ఉండాలంట అంటారు. గోడకు సున్నం పలచనైతే, దొర బంగళాకు ఇదే సున్నం అంటారు. దొరలు పోయి ఎంతకాలమో అయింది, వాళ్ళను కళ్ళారా చూసినవాళ్ళు కూడా ఒక్కొక్కరే పోతున్నారు. చూడనివాళ్ళం చెప్పే కథలే మిగిలాయి. ఆ అలవాటు కొద్దీ నా నోటికి వచ్చింది.

"నేనెందుకు అల్లుతాను? మా నాయన కాలంలో ఒక పొడుగు దొర ఉండేవాడు. తలుపుల్లోంచి వంగి రాలేక కిటికీల్లోంచి వచ్చేవాడు. ఇవన్నీ ఆయన రోజూ చెప్పిన సామెతలే."

కిటికీ దొర దగ్గర అందరూ నవ్వారు. సామెతల దగ్గర ఎవరూ నవ్వలేదు. ఆమె తలవంచుకుని నోటుబుక్కులో, ప్రతి మాట కిందా, "మైన్స్ ఆఫీసర్ సేయింగ్" అని రాసుకుంది. నేను అది చూశాను. చూసి ఊరుకున్నాను. బండిలో పొద్దున్నే ఆరు పోలికలు అల్లి, గోడౌన్‌లో ఎనిమిది గంటలు టైపు కొట్టి, మళ్ళీ బండి ఎక్కే మనిషికి ఒక అబద్ధాన్ని వెనక్కి తీసుకునే ఓపిక ఉండదు. ఇది సాకు అని తెలుసు. అయినా అలసట మంచి సాకు, ఎవరికైనా అతుకుతుంది.

రెండు నెలలకు ఆమెకు స్కూలు నుంచి పిలుపొచ్చింది. వెళ్ళొచ్చిన మర్నాడు బండిలో నా ఎదురుగానే కూర్చుంది. నోటుబుక్కు తీయలేదు.

"ఏమైందమ్మా?"

"బాగానే మాట్లాడినాను అన్నా, పని మాత్రం రాలేదు. నాలుగు మాటలు వాడినాను. మా మైన్స్‌లో ఇంగ్లీషు ఆఫీసర్లు ఇట్ల చెప్పేవాళ్ళు అని కూడా ఇంగ్లీషులోనే చెప్పినాను. అంతే, స్కూలు పెద్ద మేడం పెన్ను కింద పెట్టేసింది."

"మెచ్చుకొని ఉంటుంది."

"లేదు. ఏ ఆఫీసరు అనింది."

"నువ్వేమన్నావు?"

"పొడుగు దొర అన్నాను."

పక్కనే ఉన్న ధాన్యం కొట్టు ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి కిటికీ వైపు తిరిగాడు.

"ఆ మేడం నాయన కంపెనీ ఆఫీసులోనే దొరల ఉత్తరాలు టైపు చేసేవాడంట అన్నా. ఇట్లాంటి సామెత ఒక్కటీ మా ఇంటికి రాలేదే, నీకెవురు చెప్పినారు అనింది."

"నేనని చెప్పినావా?"

"చెప్పలేదు. నువ్వు కూడా ఎవురి దగ్గరో విని మోసపోయింటావు, పాపం, అనుకున్నాను."

ఆ 'పాపం' బెంగళూరు దాకా నాతో వచ్చింది. అంతవరకూ నా కోతలకు తిట్లు తిన్నాను, నవ్వులు తిన్నాను. జాలి తినడం అదే మొదలు. సాయంత్రం బండిలో ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, చేతిలో టిఫిన్ సంచి జారిపోతుంటే నిద్రలోనే గట్టిగా పట్టుకుంటూ. ఇంజను లాగలేకపోతోందన్న నా మాట ఆ రోజు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

శనివారం గోడౌన్‌కు ఒంట్లో బాగాలేదని కబురు పెట్టి బంగారుపేటలో దిగిపోయాను. స్కూలు సంత వీధి చివర ఉంది. మేడం అరవై దాటిన మనిషి, కళ్ళజోడు మీదుగా చూసే రకం. ఎవరని అడిగితే ఊరిగాం అన్నాను, ఫలానా ఆమెకు ఇంగ్లీషు చెప్పింది నేనే అన్నాను.

"ఓహో. పొడుగు దొర నువ్వేనా?" అంది.

"నేనే మేడం."

"అంత పొడుగేం లేవే."

కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. సామెతలన్నీ నేనే అల్లానని, ఆమెకు తెలియదని, తప్పు నాదేనని. మేడం అంతా విని, టేబులు మీద ఉన్న కాగితాలను ఒక పక్కకు సర్దింది.

"చూడప్పా, ఆమెకు పని రాకపోయింది నీ సామెతల వల్ల కాదు. అబద్ధం సామెతైతేనేమి, అందంగానే ఉండాది. తర్వాత నేనొక మాట అడిగినాను. సరేమ్మా, ఆఫీసర్ల మాట వద్దు, నీ మాటల్లో చెప్పు, కోపంగా ఎవరన్నా తల్లో తండ్రో వస్తే ఏం చేస్తావు అని. ఆమె నోరు తెరవలేదు. అన్నీ నీ మాటలే నింపినావు, ఆమె మాటకు లోపల యాడుండాది చోటు?"

ఆమె పక్కకు సర్దిన కాగితాల్లో దరఖాస్తులు కనిపించాయి.

"ఇంకెవరినైనా తీసుకున్నారా మేడం?"

"సోమవారం ఇంకొకామె వస్తావుంది."

"దానికి ముందు ఈమెను ఒక్కసారి చూడండి. ఇంట్లో మనిషి ఒక్కడే ఉంటాడు మేడం, దుమ్ము పట్టిన ఛాతీ. నాలుగింటికంతా ఇల్లు చేరే పని ఆమెకు ఇంకెక్కడా దొరకదు."

మేడం నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను చెప్పేది ఎంతవరకు నిజమో తూకం వేస్తోందని అర్థమైంది. నా మొహం మీద నిజం సరిగ్గా అతకదు, అలవాటు లేక.

"సోమవారం తొమ్మిదింటికి రమ్మను. ఒక షరతు. ఈలోపల నువ్వు ఆమెకు ఏమీ నేర్పకూడదు."

ఆదివారం ఆమె ఇంటికి వెళ్ళాను. కంపెనీ వరస ఇల్లు, ఒకే గది, ముందు రేకుల వసారా. వసారాలో బల్ల మీద ఆమె భర్త రెండు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా భుజాలు లేచేవి. ఆమె బట్టలు ఆరేస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. పొడుగు దొర లేడని, వత్తి, దుంగ, పంపు అన్నీ నావేనని.

ఆమె కంటే ముందు ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తెరలు తెరలుగా వచ్చి, నీళ్ళు తాగితే గానీ ఆగలేదు.

"నాకు మొదటి రోజే తెలుసన్నా. తడిసిన వత్తి చల్లారిపోయి ఊరికే ఉంటుందని గని లోపలికి దిగినోడు యాడన్నా అంటాడా? చల్లారిందనుకొని ఎవుడన్నా దగ్గరికి పోయినాక పేలుతుంది. దానికే మేము భయపడేది," అన్నాడు.

ఆమె తడి చొక్కా చేతిలో పట్టుకుని ఆయన వైపు తిరిగింది. "మరి నాకు చెప్పలేదేమి?"

"నువ్వు రాత్రి అంత ఇష్టంగా చదవతావుంటే ఎట్ల చెప్పేది?"

ఆమె ఆ చొక్కా దులిపి తీగ మీద వేసింది. గట్టిగా దులిపింది. నా మీదికి నీళ్ళు చిందాయి. తర్వాత నాతో మాట్లాడింది, గొంతు పెంచకుండానే.

"దొర చెప్పినాడంటే నమ్మినాను అన్నా. నాకు పోలికలు తెలీకనా? మా కామసముద్రంలో మేము పట్టుపురుగు సాకినోళ్ళం. పురుగుకు నాలుగు జ్వరాలు వస్తాయి, చర్మం విడిచేముందు. తల పైకెత్తి అట్లే ఉండిపోతుంది, ఆకు ముట్టదు. ఆ వేళలో ఆకు వేసినా చెడుతుంది, తట్ట కదిలించినా చెడుతుంది. మా అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టి, ఏమీ చెయ్యొద్దు, ఊరికే చూస్తా ఉండు అనేది. ఏమీ చెయ్యకుండా మేలుకోనుండేది ఎంత కష్టమో నాకు తెలుసు. పంపు దగ్గర కూర్చునే మొగోడి పోలిక నాకెందుకు?"

నా నాలుక చివరి దాకా వచ్చింది, ఇదే ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలో. షరతు గుర్తొచ్చి మింగేశాను.

"రేపు తొమ్మిదింటికి మేడం రమ్మనింది," అన్నాను. "నన్ను మాత్రం నోరు మూసుకోమనింది."

"మేడం తెలివైనోరే," అన్నాడు ఆమె భర్త.

సోమవారం నేను కూడా బంగారుపేటలో దిగాను. గోడౌన్‌లో నా మీద అప్పటికే అనుమానం మొదలైంది, వరసగా రెండో పని దినం ఒంట్లో బాగాలేదంటే. ఆఫీసు గది బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. కిటికీ తెరిచే ఉంది. సోమవారం రావలసిన ఇంకొకామె కూడా నా పక్కనే కూర్చుని, ఇస్త్రీ చీర నలగకుండా నిటారుగా ఉంది. ఆమెకూ ఈ పని కావాలి. ఆమె ఇంట్లో ఎవరున్నారో నాకు తెలియదు. ఆ సంగతి ఆలోచించకూడదని గోడ మీద పటాన్ని చూస్తూ కూర్చున్నాను.

లోపల మేడం మా ఊరిగాం ఆమెను అదే ప్రశ్న అడిగింది, కోపంగా వచ్చిన తల్లిదండ్రుల గురించి. పటాన్ని వదిలి కిటికీ వైపు జరిగాను. తర్వాత ఆమె గొంతు, మెల్లగా, ఒక్కో మాట వెతుక్కుంటూ.

"మేడం, ఐ విల్ సిట్ అప్ విత్ దెమ్. లైక్ వి సిట్ అప్ విత్ సిల్క్ వర్మ్స్."

"పట్టుపురుగులా? హౌ?"

ఆమె చెప్పింది. సగం ఇంగ్లీషు, కొంచెం కన్నడం, మాట దొరకని చోట తెలుగు. పురుగుకు జ్వరం వచ్చినప్పుడు తట్ట కదిలించకూడదని, తిండి పెట్టకూడదని, అట్లని వదిలి పోకూడదని. కోపంతో వచ్చిన మనిషికి కూడా వెంటనే జవాబు చెప్పకూడదని, కూర్చోబెట్టి, పక్కన కూర్చుని, తల కిందికి దించేదాకా చూడాలని. తర్వాతే ఆకు వెయ్యాలని. వ్యాకరణం ఎక్కడికక్కడే విరిగింది. నేను టైపు చేసే ఉత్తరాల్లో అట్లాంటి వాక్యం ఉంటే కొట్టేసి మళ్ళీ కొట్టేవాణ్ణి. కానీ మధ్యలో మేడం ఒక్కసారి కూడా ఆపలేదు. అన్నీ విన్నాక ఒకే మాట అడిగింది.

"ఎన్ని జ్వరాలు?"

"నాలుగు మేడం."

ఒక నెల చూస్తామని పని ఇచ్చారు, తర్వాత ఉంచేసుకున్నారు. ఆ రోజు ఇస్త్రీ చీర ఆమెను లోపలికి పిలిచి, పది నిమిషాల్లో పంపేశారు. ఆమె స్టేషన్ దాకా నా ముందే నడిచింది.

మా పెట్టెలో పాఠాలు ఆగిపోయాయి. ఆపమని ఎవరూ అనలేదు. ధాన్యం కొట్టు ఆయన ఒకటి రెండు సార్లు కదిపి చూశాడు. "ఏమన్నా, దొర రిటైరైనాడా?" అన్నాడు. అయినాడన్నాను. ఎదురు సీట్లో రోజుకొకరు కూర్చునేవాళ్ళు. మిగతా దారి అంతా అదే దారి.

ఆరు నెలలు గడిచాక ఒక రోజు గోడౌన్‌లో కరెంటు పోయి మమ్మల్ని మధ్యాహ్నమే పంపేశారు. ఊరిగాంలో దిగి ఇంటికి పోతూ వాళ్ళ వరస వైపు నడిచాను. టైము నాలుగున్నర అయి ఉంటుంది. ఆమె స్కూలు చీరలోనే వసారా మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆయన బల్ల మీద ఉన్నాడు. ముందటి కంటే చిక్కిపోయాడు. భుజాలు ముందటి కంటే ఎక్కువ లేస్తున్నాయి.

"పని ఎట్లుండాదమ్మా?"

"అరవడానికి వచ్చేవాళ్ళే ఎక్కువన్నా. ఒక్కో రోజు తల పగిలిపోతుంది. ఇంటికొచ్చి ఇంగ వంట, మందులు. బట్టల ఫ్యాక్టరీలో కాళ్ళు నొప్పి, ఇక్కడ చెవులు నొప్పి." ఇంకో కాయ ఒలిచింది. "నాలుగింటికి మాత్రం ఇంట్లో ఉండాను."

ఆయన నన్ను చూసి, చేత్తో దగ్గరికి రమ్మన్నాడు. మాట రావడానికి రెండు ఊపిర్లు పట్టింది.

"ఈమెతో శానా కష్టమైపోయిందన్నా. ముందు దగ్గినా అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడు దగ్గకపోయినా అడుగుతాది."

ఆమె తల ఎత్తకుండానే, "దగ్గలేదేమి నేనొచ్చినప్పట్నుంచి?" అంది.